నా కాలి కింద డొంక

నేను ఒక నిచ్చెనను. టేకు నిచ్చెనను. ఆ మాట ముందే చెప్పడం మంచిది. ఈ రోజుల్లో నిచ్చెన అనగానే అందరికీ తళతళలాడే అల్యూమినియం సరుకే గుర్తుకొస్తుంది. దాన్ని వేలితో కొడితే ఖాళీ డబ్బాలా మోగుతుంది. నన్ను కొట్టి చూడండి, నేను మోగను, మీ వేలే నొప్పి పెడుతుంది. పుట్టుకలోనే తేడా ఉంది మరి.

కొండల్లో నరికిన టేకు దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీద దించే రోజుల్లో, అలా కొట్టుకొచ్చిన ఒక దుంగలోంచి నన్ను తీశాడు సోమలింగాచారి అనే వడ్రంగి. అదే దుంగలోంచి మా తమ్ముడు కూడా పుట్టాడు. ఇద్దరం ఒకే పొడుగు, ఒకే రంగు. వాణ్ని సినిమా హాలువాళ్ళు గోడలకు పోస్టర్లు అంటించడానికి తీసుకుపోయారు. నన్ను తాలూకా ఆఫీసువాళ్ళు రికార్డు రూముకోసం కొన్నారు. వాడు వారానికొక హీరోని చూస్తున్నాడని, నేను మాత్రం దుమ్ము చూస్తూ నిలబడ్డానని చాలాకాలం కుళ్ళుకున్నాను. తరవాత తెలిసింది, ఎండకీ వానకీ బీటలు తీసి మా తమ్ముడు పొయ్యిలోకి పోయాడని. అప్పట్నుంచి దుమ్మును తక్కువ చేసి మాట్లాడటం మానేశాను.

రికార్డు రూమంటే పొడుగాటి గది. నేల నుంచి కప్పుదాకా చెక్క అరలు. అరల నిండా ఎర్రగుడ్డలో మూటగట్టిన కాగితాల కట్టలు, ఊరికొక కట్ట. ఏ ఊరి పటం, ఏ పొలం కొలత, ఏ కాలవ గట్టు కావాలన్నా ఆ కట్టల్లోనే ఉంటుంది. వాటిమీద హక్కు జనానిది, కాపలా సర్కారుది. మధ్యలో మెట్లు నావి. రాజ్యాంగంలో నా పేరు రాయలేదు గాని, నేను లేకపోతే పై అరల్లో ఉన్న సగం తాలూకా ఎవరికీ అందేది కాదు.

నా మొదటి యజమాని పేరిశాస్త్రి గారు. రికార్డు గుమస్తా. మనిషి బక్కపలచన, ముక్కుపొడుం అలవాటు. పై మెట్టు ఎక్కి కూర్చుని, మొదట ఓ పట్టు పొడుం పీల్చి, తరవాత కట్ట వెతికేవారు. ఆ తుమ్ములు మామూలువి కావు. ఒక్కో తుమ్ముకి నేను జానెడు జరిగేదాన్ని. పొడుం మానమని ఇంట్లో చెప్పారు, డాక్టరు చెప్పాడు. ఆయన పొడుం మానలేదు. దానికి బదులు ఒక నియమం పెట్టారు: ఎవరి రికార్డు కావాలో వాళ్ళే వచ్చి నిచ్చెన పట్టుకోవాలి.

ఒకసారి ఓ పెద్ద రైతు వచ్చి, "నేనేంటి, నిచ్చెన పట్టుకోవడమేంటి?" అని మీసం మీద చెయ్యేశాడు. శాస్త్రిగారు నడిమెట్టు మీదే ఆగిపోయారు.

"చూడండి బాబూ, మీ కాగితం పైనుంది. మీరు కిందున్నారు. నేను మధ్యలో ఉన్నాను. పట్టు వదిలితే కిందికొచ్చేది కాగితం కాదు, నేను!" అన్నారు.

రైతు చచ్చినట్టు పట్టుకున్నాడు. అప్పట్నుంచి అది ఆ ఆఫీసు ఆచారమైపోయింది. శాస్త్రిగారు రిటైరయ్యారు, పొడుం పోయింది, తుమ్ములు పోయాయి. ఆచారం మాత్రం అలాగే ఉండిపోయింది. ఎందుకొచ్చిందో తెలియని ఆచారాన్నే కదా జనం గట్టిగా పాటిస్తారు. దానివల్ల నాకో లాభం కలిగింది. తాలూకాలో ఉన్న చేతులన్నీ నన్ను పట్టుకున్నాయి. పట్టును బట్టి మనిషి సంగతి తెలిసిపోయేది నాకు. అబద్ధపు దావా వేసినవాడు పైనున్న మనిషిని చూస్తూ వదులుగా పట్టుకుంటాడు. నిజంగా కాగితం కావలసినవాళ్ళు రెండు చేతులతో, కళ్ళు మూసుకుని, దేవుడి పాదాలు పట్టుకున్నట్టు పట్టుకుంటారు.

శాస్త్రిగారి తరవాత నేను అటెండరు ముసలయ్య చేతికొచ్చాను. పేరు ముసలయ్య గాని, వచ్చినప్పుడు నూనూగు మీసాల కుర్రాడు. ఆ పేరుకు న్యాయం చెయ్యడానికి తరవాత జీవితమంతా ఆ గదిలోనే గడిపాడు. తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, బయట బోర్డు మారింది, అతనూ నేనూ మారలేదు.

మండలాలొచ్చిన కొత్తల్లో పెద్ద తుపాను కొట్టింది. ఆఫీసులోకి మోకాలు లోతు నీళ్ళొచ్చాయి. కింది అరల్లో కట్టలన్నీ తడిసిపోతే ముసలయ్య వాటిని మోసుకెళ్ళి వరండాలో పిండివడియాల్లా ఆరబెట్టాడు. నా సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. తడిసిన నా ఎడమకాలికి చెద పట్టింది. పట్టిన మేర ముసలయ్య రంపంతో కోసేశాడు. మంచి పనే చేశాడు, లేకపోతే చెద నడుందాకా వచ్చేది. కాని ఒక కాలు పొట్టిదై నేను కుంటిదాన్నయ్యాను.

కాలు అతికించాలని ముసలయ్య కాగితం పెట్టించాడు. 'నిచ్చెన ఎడమకాలు మరమ్మతు' అనే ఫైలు తయారైంది. అది జిల్లాకు వెళ్ళింది, ఏ కలపతో అతికించాలని ప్రశ్న వేసుకుని తిరిగొచ్చింది. టేకుతో అని జవాబు వెళ్ళింది. ఎడమ అంటే ఎటునుంచి చూస్తే ఎడమ అని ఇంకో ప్రశ్న వచ్చింది. చివరికి ఆ ఫైలునే కట్టగట్టి పై అరలో పెట్టారు. దాన్ని కిందికి దించాలంటే నన్నెక్కాలి.

ఈలోగా ఆరిన కట్టలన్నీ లోపలికి వచ్చాయి. తడిసి ఉబ్బిన కాగితాలు కదా, అరలు చాల్లేదు. ఆఖరుగా ఒక కట్ట మిగిలింది. ముసలయ్య దాన్ని చేతిలో పట్టుకుని గదంతా చూశాడు, నా పొట్టికాలు చూశాడు. కట్ట మందం, కోసేసిన కాలు మేర సరిగ్గా సరిపోయాయి.

"ఇయ్యాల్టికి ఇక్కడుండవే తల్లీ," అని దాన్ని నా కాలికింద దూర్చాడు.

మన ఆఫీసుల్లో 'ఇవాళ్టికి' అన్న మాట ఎంతకాలం నిలుస్తుందో మీకు తెలుసు. ఆ కట్ట వేగివారిపేట అనే ఊరిది. ఊరి పటం, పొలాల కొలతలు అన్నీ అందులో ఉన్నాయి.

కొన్నాళ్ళకి అది కట్ట అన్న సంగతి ముసలయ్యే మరిచిపోయాడు. దానికి 'నిచ్చెనపీట' అని పేరొచ్చింది. దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు నాకు పసుపు రాసి బొట్లు పెట్టేవాడు. పీటకీ పెట్టేవాడు. ఏటేటా పూసిన పసుపుతో ఎర్రగుడ్డ కనబడకుండా పోయింది. ఆఫీసు సామాను లెక్క చూడటానికి వచ్చిన గుమస్తా ఒకాయన 'నిచ్చెన ఒకటి, పీట ఒకటి' అని రాసుకున్నాడు. అంతటితో ఒక ఊరి పటం సర్కారు వారి దృష్టిలో కుర్చీలూ బల్లల జాబితాలో కలిసిపోయింది. దాన్ని కాగితమని ఇక ఎవడైనా ఎందుకనుకుంటాడు?

వేగివారిపేట వాళ్ళు అప్పుడప్పుడూ వచ్చేవారు. ముసలయ్య పాపం నిజాయితీగా నన్నెక్కి అరలన్నీ గాలించేవాడు. నేను నాకు చేతనైన భాషలో చెప్పేదాన్ని, అంటే ఊగేదాన్ని. "కింద చూడరా నాయనా, కింద!" అని ఎడమకాలు టకటకలాడించేదాన్ని. అతను దిగొచ్చి పీటను ఇంకాస్త లోపలికి తన్ని మళ్ళీ ఎక్కేవాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటారు. చంకలో ఉన్న పిల్ల కనీసం ఏడవగలదు.

అలా ఉండగా ఒక సోమవారంనాడు నూకరత్నం వచ్చింది.

యాభై దాటిన మనిషి. రెండు గేదెలు, పాలకేంద్రానికి పాలు పొయ్యడం, ఒక కూతురు, ఇల్లరికపుటల్లుడు. చేతిలో ఒక గుడ్డసంచి, దాంట్లో మజ్జిగ సీసా. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చింది. గుడికీ రికార్డు రూముకీ చెప్పులు విడిచే మనుషులంటే నాకు మొదటినుంచీ గౌరవం.

"ఏం కావాలమ్మా?" అన్నాడు ముసలయ్య.

"డొంక కావాలండి."

"డొంక మా దగ్గరెందుకుంటదమ్మా?"

"డొంకంటే డొంక కాదండి బాబూ, డొంక కాయితం. మాది వేగివారిపేటండి. మా పేటలోంచి రోడ్డుమీదికి బండ్లూ పశువులూ మనుషులూ నడిచే డొంకుండేదండి. ఇప్పుడది చిట్టిబాబుగారి చేపల చెరువులో కలిసిపోయిందండి. అడిగితే, 'అక్కడ డొంక ఉన్నట్టు సర్కారు కాయితం సూపించండి, తెల్లారేతలికి కంచె పీకేత్తాను' అంటన్నాడండి. అందరి ముందరా అన్నాడండి."

చిట్టిబాబు తెలివైనవాడు. వేగివారిపేట కట్ట ఎవరికీ దొరకదని అతను ముందే కనుక్కున్నాడు. లేని కాగితానికి మాటిస్తే పోయేదేముంది?

"చెరువుగట్టు మీంచి నడవొచ్చుగా?" అన్నాడు ముసలయ్య.

నూకరత్నం నవ్వింది. ఆ నవ్వు వెనక కథంతా అప్పుడే చెప్పింది. కూతురు సుభాషిణికి తొలికాన్పు నొప్పులు వానలో వచ్చాయట. అంబులెన్సు రోడ్డుమీదే ఆగిపోయింది. అల్లుడూ ఇరుగుపొరుగూ కలిసి పిల్లను నులకమంచం మీద వేసి గట్టుమీద మోస్తుంటే, సగం దారిలోనే బిడ్డ పుట్టేసింది. నలుగురు ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు, ఒకామె గొడుగు పట్టింది. తల్లీబిడ్డా దక్కారు. బిడ్డకు లహరి అని ముద్దుగా పేరు పెట్టుకున్నారు గాని పేటలో అందరూ గట్టమ్మ అనే పిలుస్తారు.

"నవ్వులాట కిందే అయిపోయిందండి. ఇప్పుడు మళ్ళీ నీళ్ళోసుకుందండి మా పిల్ల. ఈ తడవ డాట్రమ్మగారు ముందే సెప్పేసిందండి, కాన్పు కష్టం, ఆస్పత్రిలోనే అవ్వాలని. మళ్ళీ గట్టుమీదైతే..." అని ఆగిపోయింది. "ఆ కాయితం నాకు కావాలండి."

ముసలయ్య నన్ను అర దగ్గరికి జరిపాడు. "నిచ్చెన పట్టుకోమ్మా," అన్నాడు.

ఆమె పట్టుకుంది. రెండు చేతులతో. పాలు పితికే చేతుల పట్టు మీకు తెలియదు. అందులో బలమూ ఉంటుంది, నొప్పి తగలకూడదన్న జాగ్రత్తా ఉంటుంది. అన్నేళ్ళలో నన్ను అలా ఎవరూ పట్టుకోలేదు. ఆమె పాదానికి బెత్తెడు దూరంలోనే ఆమె డొంక ఉంది. నేను శక్తి కొద్దీ ఊగాను.

"నిచ్చెన ఊగుతుందండి," అందామె.

"దానికలవాటేలే. పీటను కాస్త లోపలికి నెట్టు," అన్నాడు పైనుంచి ముసలయ్య.

పీటకు పసుపు, బొట్టు ఉండటం చూసి ఆమె కాలితో నెట్టలేదు. వంగి, చేత్తో సర్ది, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కట్ట దొరకలేదు. సుభాషిణి ఇంటరు దాకా చదువుకున్న పిల్ల, సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చింది. 'సదరు రికార్డు ఈ కార్యాలయమునందు లభ్యం కాలేదు' అని జవాబు వెళ్ళింది. జిల్లా సర్వే ఆఫీసుకు రాస్తే, మీ మండలంలో అడగండి అన్నారు. మండలంలో అడిగితే, జిల్లాలో అడగండి అన్నారు. గానుగెద్దు కూడా ఒక్కోసారి ఆగుతుంది, ఆ ఉత్తరాలు ఆగలేదు.

నూకరత్నం మాత్రం రావడం మానలేదు. "దొరకలేదంటే దొరకనట్టు నా కళ్ళతో సూసుకుంటానండి. సూసుకునే హక్కుందని మా పిల్ల సెప్పింది," అంది. ఆ హక్కు నిజంగానే ఉంది. ఇక చేసేదిలేక ఆమెను రానిచ్చారు. ప్రతి సోమవారం పాలు పోసి వచ్చేది. ముసలయ్యకు మజ్జిగ ఇచ్చేది. నన్ను పట్టుకునేది. అతను అరలో ఒక్కో కట్టా విప్పి, ఇందులో ఏమైనా కలిసిపోయిందేమోనని చూసి, మళ్ళీ కట్టేవాడు. మోకాళ్ళ నొప్పులతో మూలిగేవాడు గాని ఎక్కడం మానలేదు. ఇంకొకరైతే రెండో సోమవారానికే తలుపు వేసేవారు. ఎంత మతిమరుపైనా మంచివాడు ముసలయ్య.

వెళ్ళేముందు ఆమె తలలో పువ్వు తుంచి పీట మీద పెట్టేది. "నీ దయ తల్లీ," అనేది. ఎవరి దయ అడుగుతుందో ఆమెకు తెలియదు గాని, సరైనచోటే అడిగింది.

దసరా వచ్చింది. సుభాషిణికి నెలలు నిండాయి. ఆయుధపూజకు ముసలయ్య ఆ ఏడు మరింత భక్తిగా పసుపునీళ్ళు కలిపి, పీటమీద చెంబెడు కుమ్మరించాడు. అంత పాత గుడ్డ అన్ని నీళ్ళు తాగి మెత్తబడింది. పండగ వెళ్ళిన వారంలోనే సమాచార హక్కు వారోత్సవాలు వచ్చాయి.

అప్పటి తహసీల్దారు చిదంబరరావు గారు. భారీ మనిషి. ఉపన్యాసాలంటే ప్రాణం. పారదర్శకత అన్న మాట రోజుకొకసారైనా అనకపోతే ఆయనకు అన్నం అరగదని ముసలయ్య అనేవాడు. వారోత్సవాల సందర్భంగా పేపర్లో ఒక ఫొటో పడాలని ఆయనకు కోరిక పుట్టింది. ప్రభంజనం అనే విలేకరిని పిలిపించారు. అతను గదంతా చూసి, "మీరే నిచ్చెనెక్కి రికార్డు తీసిస్తున్నట్టుంటే బాగుంటది సార్. 'ప్రజల కోసం నిచ్చెనెక్కిన తహసీల్దారు' అని పెడతాను," అన్నాడు.

ఆ మాట విని నాకు చెమటలు పట్టాయి. అది టేకుకు జరిగే పని కాదు, అయినా పట్టాయి.

"ఎవరైనా అర్జీదారు ఉన్నారా?" అన్నారు తహసీల్దారు గారు.

సోమవారం కావడంతో నూకరత్నం ఉంది. వెళ్ళిపోయే తొందరలో ఉంది. పొద్దుట్నుంచీ సుభాషిణికి నడుంలో నొప్పిగా ఉందట. అయినా పెద్దాఫీసరే ఎక్కి వెతుకుతానంటుంటే ఎలా వెళుతుంది? వచ్చి నన్ను పట్టుకుంది.

"మీరెక్కద్దండి బాబూ, నేనెక్కుతాను," అన్నాడు ముసలయ్య.

"ప్రజాసేవలో బరువూ తేలికా ఉండవయ్యా," అన్నారు చిదంబరరావు గారు. ఎక్కారు.

నిజం చెబుతాను, నా మెట్లు ఒక్కటీ లొంగలేదు. సోమలింగాచారి పనితనం అలాంటిది. లొంగింది కట్ట. ఆయన పై మెట్టుమీదికి చేరి, ఏదో ఒక ఊరి కట్ట చేతిలోకి తీసుకుని, ప్రభంజనం వైపు తిరిగి చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు పూర్తి కాకముందే నా కాలికింద ఎర్రగుడ్డ పర్రుమని చినిగింది. నేను ఎడమకు ఒరిగాను. ఆయన రెండు చేతులతో అరను కౌగిలించుకుని గాలిలో వేలాడారు.

"పట్టుకో! పట్టుకో!" అని అరిచాడు ముసలయ్య.

నూకరత్నం వదిలితేగా! నన్ను భుజంతో అడ్డుకుని, పళ్ళు బిగించి నిలబెట్టింది. ఆమె పట్టు వదిలి ఉంటే నేను తహసీల్దారు గారితో సహా కూలేదాన్ని. ప్రభంజనం సాయానికి రాకుండా టపటపా ఫొటోలు తీశాడు. వాడి వృత్తిధర్మం వాడిది. ముసలయ్య బల్ల లాక్కొచ్చి పెట్టాడు. చిదంబరరావు గారు దానిమీద కాలు మోపి, దిగి, కుర్చీలో కూలబడి, నీళ్ళడిగారు. అందరూ ఆయనకు విసరడంలో మునిగిపోయారు.

నేనిలా కావాలనే చేశానని ముసలయ్య ఇప్పటికీ అందరితో చెబుతాడు. కావాలని చెయ్యగలిగితే అన్నేళ్ళు ఆగుతానా?

నూకరత్నం నన్ను గోడకు చేర్చి, ఆయాసంతో నేలమీద చతికిలబడింది. పీటకేమైందోనని చూసింది. చినిగిన గుడ్డలోంచి కాగితాల అంచులు బయటికొచ్చాయి. పీటలో కాగితాలేమిటని గుడ్డ ఇంకాస్త పక్కకు తీసింది. లోపల ఒక అట్టముక్క. దానిమీద పాతకాలపు ముద్దక్షరాలు. ఆమె చదువు కూడబలుక్కునే చదువు.

"వే... గి... వా... రి..."

ఆగింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. పైకి చదవలేదు, పెదాలు కదిలాయంతే. ఆ తరవాత ఆమె వేసిన కేకకు వరండాలో గుమస్తాలు కూడా లేచొచ్చారు.

"బాబూ! మా ఊరండీ! మా ఊరు పీటలో ఉందండీ!"

ముసలయ్య మోకాళ్ళ నొప్పి మరిచి కూలబడ్డాడు. కట్ట విప్పాడు. గుడ్డ అంటించిన పటం, నాలుగు మడతలది, పసుపు మరకలతో బయటికొచ్చింది. తడికి అంచులు పాడయ్యాయి గాని మధ్యలో ఊరు ఊరంతా చెక్కుచెదరకుండా ఉంది. పేటలోంచి రోడ్డుదాకా జంటగీతలు, వాటిమధ్య 'బండ్ల డొంక' అని రాసి ఉంది. ముసలయ్య ఆ గీతలమీద వేలు పెట్టి నూకరత్నం వంక చూశాడు. ఇద్దరూ ఏడ్చారు. అంతలోనే ఇద్దరూ నవ్వారు. నాకూ రెండూ వచ్చాయి.

"అయితే ఇన్నాళ్ళూ నేను పూజ చేసింది మీ డొంకకా అమ్మా!" అన్నాడు ముసలయ్య.

ఇక్కడితో అయిపోతే అది ఆఫీసెందుకవుతుంది? నకలివ్వమంటే గుమస్తాగారు గొంతు సవరించుకున్నారు. సామాను లెక్కలో ఇది పీట అని ఉందట. పీటకు నకలిచ్చే అధికారం తమకు లేదట. చిదంబరరావు గారు గ్లాసు పక్కన పెట్టి ఆయన వైపు చూశారు. వేలాడి దిగిన మనిషి చూపు వేరుగా ఉంటుంది.

"పీట ఒకటి తగ్గించు. కట్ట ఒకటి కలుపు. రాసుకో. నకలు ఇప్పుడే తియ్యి," అన్నారు.

సాయంత్రానికి ముద్ర వేసిన నకలు నూకరత్నం చేతిలో ఉంది. ఇచ్చేటప్పుడు ఫొటో తీశారు. పేపర్లో పడింది ఆ ఫొటోనే. వేలాడే ఫొటో ప్రభంజనం ఫోనులో భద్రంగా ఉండిపోయింది. మర్నాడే సర్వేయరు గొలుసు పట్టుకుని వేగివారిపేట వెళ్ళడానికీ, రాళ్ళు పాతడానికీ, ఆ ఫొటోకీ సంబంధం ఉందని ఆఫీసులో అంటారు. నాకు తెలియదు. పారదర్శకత అంటే అదేనేమో.

తరవాతి సంగతులు ముసలయ్య చెబితే విన్నాను. చిట్టిబాబు నకలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నలుగురిలో అన్న మాట, పైగా పక్కన విలేకరి. "సరే, నా నోటితో నేనే అన్నాను కదా," అని కంచె పీకించాడు. గట్టు కోయించి డొంక మేర చెరువు పూడ్పించడానికి పొక్లెయినర్ కూడా తానే తెప్పించాడు. రాళ్ళు పాతిన నాలుగో రోజున సుభాషిణికి అసలు నొప్పులొచ్చాయి. అంబులెన్సు డొంకమీదుగా వచ్చి ఇంటి వాకిట్లో ఆగిందట. పేటంతా దాని వెనక పరిగెత్తిందట, ఉత్సవ విగ్రహం వెంట వెళ్ళినట్టు. కాన్పు కష్టమైంది. ఆస్పత్రిలో డాక్టరమ్మ పక్కనే ఉంది గనక గండం గడిచింది. మగపిల్లవాడు. పేరేదో పెట్టారు గాని, పేటలో వాడు డొంకబాబు.

నా సంగతికొస్తే, ఆఫీసరును పడదోసిన నిచ్చెనను ఆఫీసులో ఎవరుంచుకుంటారు? చక్రాలున్న అల్యూమినియం నిచ్చెన వచ్చింది. దాన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదట. నాకు మాత్రం ఆ మాట మంచిగా అనిపించలేదు. నన్ను పనికిరాని సామాన్ల కింద వరండాలో పడేశారు, విరిగిన కుర్చీల మధ్య. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని తెలుసు గనక నేను ఆశ్చర్యపోలేదు. మా తమ్ముడిలాగే పొయ్యిలోకే అనుకున్నాను.

వేలంపాట నాడు నూకరత్నం వచ్చింది. ముసలయ్యకు ఉద్యోగంలో అదే ఆఖరి నెల. నన్ను చూపించి, "దీన్నేం చేసుకుంటావమ్మా, కుంటిది," అన్నాడు.

"కుంటిదైతేనేం బాబూ, పడుకోబెడతాను," అందామె.

అలాగే పడుకోబెట్టింది. డొంకకీ నూకరత్నం వాకిలికీ మధ్య ఒక బోదె, అంటే చిన్న పంటకాలవ, ఉంది. బండ్లు తిరిగే తూము అవతల ఉంది గాని, మనుషులు దాటడానికి ఆ బోదెమీద నన్ను అడ్డంగా వేసి, మెట్లమీద తాటిబద్దలు కొట్టించింది. ఎక్కడం దిగడం లేదిక, దాటడమే. పొద్దున్నే పాలకేను దాటుతుంది. బడిపిల్లలు దాటుతారు. చిట్టిబాబు కూడా నెలకోసారి పాల డబ్బివ్వడానికి దాటుతాడు, కాస్త తల వంచుకుని. పడుకుని చూస్తే మనుషులు ఇంకా బాగా కనిపిస్తారు. నిలబడి ఉన్నప్పుడు నేను వాళ్ళ నడినెత్తులు మాత్రమే చూసేదాన్ని.

అన్నేళ్ళు ఈ డొంక నా కాలికింద నలిగింది. ఇప్పుడు ఈ డొంకన నడిచేవాళ్ళ కాళ్ళకింద నేనున్నాను. నాకది సబబుగానే ఉంది.

నిన్న వాన పడింది. తాటిబద్దలు జారుతున్నాయి. డొంకబాబుకు కొత్తగా నడక వచ్చింది, ఒకచోట నిలవడు. అక్క గట్టమ్మ వాడి వేలు పట్టుకుని నన్ను దాటించబోయింది. నూకరత్నం గేదెను వదిలేసి పరుగున వచ్చి, బోదె పక్క బురదలో కూర్చుని, కదలకుండా నా చివరను రెండు చేతులతో పట్టుకుంది.

"ఊఁ, రండర్రా. నేను పట్టుకున్నాగా," అంది.

వాళ్ళు దాటేదాకా ఆమె పట్టు వదల్లేదు. నేను ఊగలేదు.